కొంగ రాని మడుగు

అనగనగా ఒక అడవిలో, కొండను తవ్వడం మొదలుపెట్టిన మూడో ఏడు, తొలకరి పడి వారమైంది. ఆ కొండ కింది వాగులో మచ్చలమ్మ అనే కొరమీను గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటోంది.

కొరమీను సంగతి చెబుతాను వినండి పిల్లలూ. మిగతా చేపలు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. కొరమీను పోదు. గట్టు పక్కన గడ్డి దులిపి గూడు చేస్తుంది. గుడ్లు పగిలాక ఎర్రటి పిల్లల గుంపు కింద మొగుడూ పెళ్ళామూ కాపలా తిరుగుతారు. ఎవరు దగ్గరికొచ్చినా కరుస్తారు. అంత కాసినా కిందటేడు మచ్చలమ్మ పిల్లలు వెయ్యింటిలో అరవైయే మిగిలాయి. కొన్నిటిని నీటిపాము తింది. కొన్నిటిని వాలుగ చేప తింది. మిగతావాటిని కొంగ తింది.

"ఈ ఏడు నా పిల్లల్ని ఒక్క నోట్లో కూడా పడనివ్వను" అని మచ్చలమ్మ ఒట్టు పెట్టుకుంది.

వాగుకు కొంచెం కిందగా గని మడుగు ఉంది. కొండ లోపలి రాయిని తీసి, పిండి చేసి, సీసం ఉంచుకుని, కడిగిన నీళ్ళు ఆ మడుగులోకి వదిలేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి పరీక్షకు వచ్చాడు. మడుగు నీళ్ళు సీసాలో పట్టి, ఎండకు ఎత్తి చూసి, "బాగానే ఉన్నాయి" అన్నాడు. దాహమేస్తే మాత్రం జీపులో తెచ్చుకున్న నీళ్ళు తాగాడు.

అక్కడికి పామూ కొంగా రావని విని మచ్చలమ్మ అటు బయల్దేరింది. దారిలో పిల్లల్ని వెంటేసుకుని ఎగువకు పోతున్న కప్ప ఎదురైంది.

"ఎక్కడికి వదినా, సంసారమంతా ఎత్తుకుపోతున్నావు?"

"మా వాళ్ళందరం వలసపోతున్నాం వదినా. కిందటి వానలకు మా మరదలికి మూడు కాళ్ళ పిల్లలు పుట్టారు. నువ్వు అటు పోకు."

"మీరు పోతే ఆ బెకబెక గోల తప్పుతుంది. నా పిల్లలు హాయిగా నిద్రపోతారు" అంది మచ్చలమ్మ.

మడుగు మొదట్లో ముసలి ఎండ్రకాయ రాయిని పట్టుకుని కూర్చుంది.

"ఏం మామా, అలా మెత్తబడ్డావు?"

"పాత పెంకు విడిచి రెండు నెలలైందమ్మా. కొత్తది గట్టిపడటం లేదు. నత్త ఆనుకున్నా సొట్ట పడుతోంది. ఈ నీళ్ళలో ఏదో ఉంది."

"నీ ఒంట్లో ముసలితనం ఉంది. నీళ్ళనెందుకు ఆడిపోసుకుంటావు?"

ఇంకాస్త ముందుకు పోతే గట్టు మీద కొంగ నిలబడి ఉంది.

"ఏరా, ఇక్కడికీ తయారయ్యావా?"

"లేదక్కా, నా దారిన నేను పోతున్నా. ఈ మడుగులో పెడితే నీ పిల్లల్ని నేను ముట్టను. ఇక్కడి చేప తిన్నప్పటి నుంచి మా తమ్ముడు ఒంటికాలి మీద నిలబడలేకపోతున్నాడు. కొంగ అయ్యుండి రెండు కాళ్ళ మీద నిలబడుతుంటే మేం నలుగురిలో తలెత్తుకునేదెలా?"

పిల్లల్ని తినేవాడే వద్దంటుంటే ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. మచ్చలమ్మకు 'ముట్టను' అన్న ఒక్క మాటే వినిపించింది. మర్నాడే గూడు కట్టింది. వెయ్యి గుడ్లు పెట్టింది. ఒక్కదాన్నీ ఎవరూ తినలేదు.

పిల్లలు బయటికొచ్చిన నాలుగో రోజు ఆమె మొగుడు బొద్దయ్య అడిగాడు.

"వీళ్ళేంటే, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతున్నారు?"

"ఆడుకుంటున్నారు."

"వీడి నడుము కొక్కెంలా వంగింది."

"మీ నాన్న పోలిక."

"మా నాన్నకు రెండు కళ్ళుండేవి" అన్నాడు బొద్దయ్య.

కొరమీను పైకొచ్చి గాలి పీల్చాలి. లేకపోతే బతకదు. వంకర నడుము పిల్లలు పైకి రాలేక అడుగున పడిపోయాయి. నెల తిరిగేసరికి మచ్చలమ్మ కాపలా కాయడానికి ఒక్క కూతురే మిగిలింది. దాని వెన్ను చక్కగా ఉంది. మచ్చలమ్మ కూతుర్ని తీసుకుని, కొండకు ఎగువన ఊటనీటి మడుగుకు పోయింది. అక్కడ కప్పలున్నాయి, పాములున్నాయి, కొంగ కూడా ఉంది. వాటిని చూస్తే ఆమెకు మొదటిసారి ప్రాణం కుదుటపడింది.

రెండేళ్ళకు కూతురు గుడ్లు పెట్టింది. పిల్లలు బయటికొచ్చాయి. గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి.

మచ్చలమ్మ కప్ప దగ్గరికి గబగబా ఈదుకుంటూ పోయింది.

"ఇక్కడి నీళ్ళు మంచివే కదా వదినా?"

"మంచివే. చెడింది నీళ్ళు కాదు. నీ కూతురు గుడ్డులో ఉండగానే ఆ సీసం లోపలికి దిగింది. తల్లి ఒంటి మచ్చలు బిడ్డకు ఏ దారిన వస్తాయో, ఆ దారినే పాడుచేసింది. పైకి చక్కగా ఉన్నా నీ కూతురు తన పిల్లలకు ఇచ్చింది ఆ వంకరే."

"ఇంకా ఎన్ని తరాలు?"

"నాకేం తెలుసు? మాకు ఈ ఏడు కూడా మూడు కాళ్ళవాళ్ళు పుట్టారు."

ఆ వానాకాలం ఊటమడుగులో మచ్చలమ్మ కూతురు పెట్టిన గుడ్లు తొమ్మిది వందలు. చలికాలానికి బతికి ఉన్న పిల్లలు నాలుగు.

నీతి: శత్రువు కూడా కాలు పెట్టనన్న చోట పిల్లల్ని పెంచకూడదు. నీళ్ళలో విషం కలిపేవాడు ఇంకా పుట్టనివాళ్ళకు కూడా దాన్ని తాగిస్తున్నాడు.