గడప లేని మందుల సావడి

అనగనగా, మన తాతల తాతలకు కూడా తాతలున్న కాలంలో, ఒక రాజ్యం. ఆ రాజ్యంలో ఒక మందుల సావడి. పంట ఇంటికి రాగానే ప్రతి ఇల్లూ ఆ సావడికి చేటెడు గింజలు పోసేది. వైద్యులు తినేది ఆ గింజలే. అందుకే ఎవరికి జబ్బు చేసినా మందు ఊరికే ఇచ్చేవారు. ఊరికే ఏమిటి, నా మొహం! ముందే పోశారుగా!

కొత్తగా వచ్చిన మంత్రికి అది కంటగింపైంది. "ఊరికే ఇస్తే మందుకు విలువుండదు. సావడి గడప దాటాలంటే రూక కట్టాలి" అన్నాడు. ఏనాడూ పస్తు పడుకోనివాడు చెప్పే నీతులు ఇలాగే ఉంటాయి.

రూక లేనివాళ్ళు జ్వరంతోనే ఇళ్ళల్లో ఉండిపోయారు. సావడి ఖాళీ అయింది. "చూశారా, రాజ్యంలో జబ్బులు తగ్గాయి!" అని మంత్రి సంబరపడ్డాడు. సిగ్గులేని సంబరం!

అప్పుడు ఎర్రక్క అనే కూలి మనిషికి కోతల్లో కొడవలి తగిలి కాలు చీము పట్టింది. ఒళ్ళు కాలిపోతోంది. దేక్కుంటూ వచ్చి సావడి గడప మీద కూర్చుంది.

కావలివాడు జాలిపడ్డాడు. "అక్కా, నీ రూక నేను కడతాలే. లోపలికి పో."

"నాకు కడతావు నాయనా. మరి నా ఎనకోళ్ళకో?" కదల్లేదు.

వైద్యుడు వచ్చాడు. "పెరటి తలుపు తీశాను, ఎవరూ చూడరు. రావమ్మా."

"నేను దొంగనా అయ్యా? మరి నా ఎనకోళ్ళకో?" కదల్లేదు.

చివరికి మంత్రే పల్లకి దిగాడు. "బీదదాన్నని అందరి ముందూ చేతులు జోడించి చెప్పు. నీకు మాఫీ చేస్తా."

ఎర్రక్క తలెత్తి చూసింది. "నేను గింజలు పోసేటప్పుడు బీదదానివా అని అడిగినావా సామీ?"

మంత్రి గిరుక్కున తిరిగి పల్లకి ఎక్కాడు. పొద్దు వాలకముందే ఎర్రక్క ఆ గడప మీదే ప్రాణం విడిచింది. మందు లోపల ఉంది, వైద్యుడు లోపల ఉన్నాడు, మనిషి బయట చచ్చిపోయింది. ఇంతకంటే పాపం ఉంటుందా?

ఇక జనం ఆగలేదు. పలుగులు తెచ్చారు. గడపను పెకలించారు. ఆ మానుతోనే ఆమెకు చితి పేర్చారు. మంత్రి భటులను పిలిస్తే, భటులు కూడా వచ్చి కట్టెలు మోశారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ రోగులున్నారు మరి. రాజు రూక ఎత్తేశాడు. మంచితనంతో కాదు, భయంతో.

ఇప్పటికీ ఆ సీమలో వైద్యుడి ఇంటికి గడప పెట్టరు. గడప లేని ఇల్లు అరిష్టం కాదా అని పరాయి ఊరి వడ్రంగి ఎవరైనా అడిగితే, "పెడితే ఎర్రక్క లేచొచ్చి కూర్చుంటుంది. నీ పని చూసుకో" అంటారు.