అడగని సంతకం

గోవర్ధనం గారిని ఎవరైనా ఏదైనా అడిగితే ముందు "మళ్ళీ అడుగు" అంటారు. వినపడక కాదు. రెండోసారి అడిగేసరికి సగం ప్రశ్నలు వాటంతటవే నీరుగారిపోతాయని ఆయన అనుభవం. కాకినాడలో ఆయన మేడమీద గదిలో ఆదివారం మధ్యాహ్నాలు చేరే మా నలుగురైదుగురిలో ఈ దెబ్బకి నోరు మూసుకున్నవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఆయన ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరయ్యారు, అనువాదాలు చేశారు, మా రాతలు ఓపిగ్గా చదువుతారు. పొగడ్త మాత్రం ఆయన నోట వినే భాగ్యం మాకెవరికీ ఇంతవరకూ కలగలేదు.

జోగారావు వేరే రకం. కాలవల శాఖలో పాతికేళ్ళుగా రైతులతో వాదించి వాదించి గట్టిపడ్డవాడు. ఆ రోజు తన మొదటి నవల రాతప్రతి సంచీలో పెట్టుకుని వచ్చి, కూర్చోకుండానే అడిగాడు.

"గురువుగారూ, బతికున్న మనిషిని నవలలో చంపెయ్యొచ్చా?"

"మళ్ళీ అడుగు."

"మా అమ్మనండి. తొమ్మిదో అధ్యాయంలో పోతుంది. ఆవిడ పోకపోతే నవల నిలబడ్డం లేదు. అక్కడ ఇంట్లో ఆవిడ నిక్షేపంలా ఉంది. పొద్దున్న నాకు ఉప్మా కూడా చేసిపెట్టింది. ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది. అచ్చయ్యాక ఎలాగూ తెలుస్తుందిగా అని ఊరుకున్నాను. వచ్చేవారం ప్రెస్సుకిచ్చేస్తున్నానండి."

ఉప్మా దగ్గర మేం పగలబడి నవ్వాం. గోవర్ధనం గారు నవ్వలేదు. ఆయన ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ఎండ దెబ్బేమోనని నేను లేచి ఫ్యాను పెంచబోయాను. కూర్చోమని సైగ చేసి, "లెనోర్ హాస్కెట్ అని ఒకావిడ ఉంది, అమెరికాలో," అన్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన దగ్గరికి వస్తున్నాను, ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి.

అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు. నెబ్రాస్కాలో ఒక విశ్వవిద్యాలయం, మన కథల్ని అక్కడి విద్యార్థులకి పరిచయం చెయ్యమని ఆయన్ని రెండేళ్ళకి పిలిచింది. ఇద్దరికి ఒక గది ఇచ్చారు. అందులో రెండో బల్ల లెనోర్‌ది. ఆవిడదీ ఇంచుమించు అదే వయసు. అప్పటికే రెండు నవలలు రాసింది. వాటిని మెచ్చుకున్నవాళ్ళున్నారు గానీ చదివినవాళ్ళు తక్కువ. మూడోది కూడా ఇలాగే అయితే ఇక మన దారులు వేరని ప్రచురణకర్త మర్యాదగానే చెప్పేశాడు. రాయడం తప్ప మరో ధ్యాస లేని మనిషి. ఎవరు ఏ ముక్క మాట్లాడినా చిన్న అట్టముక్కల మీద రాసుకుని, వాటిని చెప్పుల పెట్టెల్లో దాచుకునేది.

ఆ మూడో నవలలో ఒక తల్లి ఉంది. చిన్న ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతుంది. తాగుతుంది. మంచు కురిసే ఒక ఉదయం కన్నకూతుర్ని ఇంటి బయట మర్చిపోయి తలుపేసుకుని పడుకుంటుంది. ఆఖరికి పక్కన ఎవరూ లేకుండానే చచ్చిపోతుంది. ఆ చావు ఇరవై పేజీలు. లెనోర్ అది చదివి వినిపించిన రోజున గోవర్ధనం గారికి అన్నం సయించలేదట. "అంత గొప్పగా రాసింది," అన్నారు మాతో. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట వెనక్కి తీసుకునే ఉద్దేశం ఆయనకి లేదు.

అక్కడొక పద్ధతి ఉంది. అచ్చుకి ముందు ప్రచురణకర్త తరఫు లాయరు నవల చదివి ఒక కాగితం పంపుతాడు. ఏ పాత్రకి అసలు మనిషి ఎవరు, ఆ మనిషి బతికున్నాడా, పోయాడా అన్నది అందులో నింపాలి. బతికుంటే, నాకేం అభ్యంతరం లేదని ఆ మనిషి చేత సంతకం పెట్టించి పంపాలి. పోతే ఏ గొడవా లేదు, పోయినవాళ్ళు కోర్టుకి రారు కదా. లెనోర్ ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక పూటంతా కూర్చుంది. తర్వాత గబగబా ఏదో రాసి, కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళింది. పక్కవాళ్ళ కాగితం చూడకూడదు. గోవర్ధనం గారు చూశారు. "తల్లి: వెర్నా హాస్కెట్. మరణించింది," అని ఉంది.

ఆ దేశం మనిషైతే చూసినా చూడనట్టు ఊరుకునేవాడు. ఈయన తెలుగువాడు కదా, ఆవిడ రాగానే లేచి నిలబడి, "అయ్యో, అమ్మగారు పోయారా? నాకు తెలీనే తెలీదు. ఎప్పుడు?" అన్నారు. లెనోర్ కాస్త తడబడి "ఫిబ్రవరిలో" అంది. "ఏ తారీఖు?" అన్నారు ఈయన. అలాంటి ప్రశ్న ఆవిడ జన్మలో విని ఉండదు. "పదకొండు," అంది.

ఫిబ్రవరి పదకొండు వచ్చింది. గోవర్ధనం గారు ముందురోజే మినప్పప్పు నానబోశారు. అతిథి గృహం వంటగదిలో గారెలు వేస్తుంటే పొగకి పైకప్పులో అలారం మోగి, మనుషులు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళని బతిమాలుకుని, వేడి తగ్గకుండా స్టీలు డబ్బాలో పెట్టి ఆఫీసుకి పట్టుకెళ్ళారు. "శాస్త్రప్రకారం కాదనుకో, మా వైపు తద్దినం రోజున ఇవి చేస్తాం. మీ అమ్మగారి పేరున తిను," అన్నారు. లెనోర్ ఆ డబ్బా వైపు చాలాసేపు చూసి మూడు గారెలు తింది. తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు చూసి ఈయనకీ కళ్ళు చెమర్చాయి.

ఆ ఏడాది శరదృతువులో నవల వచ్చింది. మొదటి పేజీలో "మా అమ్మ జ్ఞాపకానికి" అని ఉంది. ఈసారి చదివారు. విపరీతంగా చదివారు. రేడియోలో, పత్రికల్లో ఇంటర్వ్యూలు చేసిన ప్రతివాళ్ళూ ముందు సంతాపం చెప్పి తర్వాత ప్రశ్నలు వేసేవారు. ఆవిడ సంతాపానికి థాంక్స్ చెప్పేది. మొదట్లో తల దించుకుని చెప్పేది, రాను రాను తల ఎత్తే చెప్పింది.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ ఊరి పుస్తకాల షాపులో ఆవిడ పుస్తకాల మీద సంతకాలు పెడుతోంది. గోవర్ధనం గారు తన ప్రతి పట్టుకుని వరసలో నిలబడ్డారు. షాపు మనిషి ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, పేరడిగి, పచ్చ కాగితం ముక్క మీద రాసి పుస్తకానికి అంటిస్తోంది. అలా చేస్తే రచయిత తలెత్తి పేరు అడగక్కర్లేదు, వరస త్వరగా కదులుతుంది. ఈయన వెనకాల అరవై ఐదేళ్ళ ఆవిడ ఉంది. మందపాటి కోటు, గట్టి చేతులు. కోటు జేబు మీద ఏదో బడి పేరు కుట్టి ఉంది.

"మీకు ఆవిడ తెలుసా బాబూ?" అనడిగింది ఆవిడ.

"ఒకే గదిలో పనిచేస్తామండి."

"వేళకి తింటుందా?"

ఆ దేశంలో అడుగుపెట్టాక అలాంటి ప్రశ్న ఆయన వినలేదు. ప్రాణం లేచొచ్చినట్టయి, "మీరు వాళ్ళ పిన్నిగారాండీ?" అన్నారు.

"అమ్మని," అంది ఆవిడ.

గోవర్ధనం గారు ఆవిడ చేతిలో పుస్తకం మీద పచ్చ కాగితం చూశారు. వెర్నా అని ఉంది. "మీరు... మీరు పోయారని..." అన్నారు. అంతకంటే అయోమయపు మాట తన జీవితంలో అనలేదని ఆయనే ఒప్పుకున్నారు.

"అవును, చదివాను," అంది వెర్నా. "పిల్లల్ని బడి దగ్గర దింపేసి, బస్సులోనే కూర్చుని వారం రోజులు చదివాను. బాగా రాసింది. నేను తాగేదాన్నన్నది నిజమే. మానేసి పంతొమ్మిదేళ్ళయింది. అది పుస్తకంలో లేదు. ఎలా ఉంటుందీ, అప్పటికే చచ్చిపోయాను కదా." అని కాస్త నవ్వింది.

ఆ నవ్వు తట్టుకోలేక గోవర్ధనం గారు నోరు జారారు. లాయరు కాగితం సంగతంతా చెప్పేశారు. వెర్నా అంతా వింది.

"అంటే బతికున్నానని రాస్తే నా సంతకం కావాలన్నమాట."

"అవునండి."

"సంతకమేగా," అంది వెర్నా. "అడిగితే పెట్టేదాన్ని."

వరస కదిలింది. గోవర్ధనం గారు పక్కకి తప్పుకుని ఆవిడని ముందుకి పంపారు. ఇప్పుడు కూతురు తలెత్తుతుంది, చూస్తుంది, లేచి వచ్చి కావలించుకుంటుంది, ఏడుస్తుంది, నలుగురిలో పరువు పోయినా సరే అమ్మా అంటుంది అని ఆయన ఆశ. ఆ ఒక్క మాట అంటే చాలు, పోయిన మనిషి తిరిగొచ్చేస్తుంది. వెర్నా కూడా దానికోసమే యాభై మైళ్ళు బండి నడుపుకుంటూ వచ్చిందని ఆవిడ పుస్తకం పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది.

వెర్నా, "మా అమ్మ జ్ఞాపకానికి" అన్న పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది. లెనోర్ పచ్చ కాగితం చూసింది. కలం ఆగింది. తలెత్తింది. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పక్కనే కూర్చున్న ప్రచురణ సంస్థ మనిషి, మంచి మనసున్న అమ్మాయి, ఆ పేరు చూసి చెయ్యి గుండె మీద వేసుకుంది. "అయ్యో, లెనోర్! మీ అమ్మగారి పేరే కదూ!" అంది. వెనకాల పత్రిక విలేకరి కెమెరా ఎత్తాడు. షాపులో నలభై మంది ఉన్నారు.

"అవును," అంది లెనోర్. "ఆ రోజుల్లో చాలామందికి ఉన్న పేరే." తల వంచి, "వెర్నా గారికి, వచ్చినందుకు కృతజ్ఞతలతో," అని రాసి, కింద సంతకం చేసి పుస్తకం ఇచ్చింది.

గోవర్ధనం గారు చెబుతూ చెబుతూ ఇక్కడ ఆగిపోయారు. కడుపున పుట్టిన పిల్ల, అంత దగ్గరగా, ముఖం చూస్తూ! చేతులెలా వచ్చాయో అని ఇప్పటికీ అనుకుంటాను.

వెర్నా పుస్తకం తీసుకుంది. "మీ అమ్మగారు పోయారని చదివానండి," అంది కూతురితో. "చాలా బాధపడ్డాను."

"థాంక్యూ," అంది లెనోర్. అలవాటైపోయిన మాట, దానంతటదే వచ్చేసింది.

తర్వాతి వంతు గోవర్ధనం గారిది. ఈవిడే ఆవిడ అమ్మ అని గట్టిగా అనాలనుకున్నారు. కానీ పుస్తకం బల్ల మీద పెట్టి సంతకం చేయించుకుని వచ్చేశారు. "నేను కూడా చేయించుకున్నాను," అని ఆ మాట మాకు రెండుసార్లు చెప్పారు. రోడ్డు మీదకి పరుగెత్తేసరికి వెర్నా బండి వెళ్ళిపోయింది. ఆయన అక్కడున్న మిగతా రోజుల్లో, ఆ గదిలో ఆ రెండు బల్లల మధ్యా ఈ సంగతి ఎత్తినవాళ్ళు లేరు.

లెనోర్‌కి ఆ నవలకి పెద్ద బహుమతి వచ్చింది. తర్వాత ఇంకో నాలుగు రాసింది, అన్నీ మంచివేనట. అమ్మలూ కూతుళ్ళ గురించి ఇంత లోతుగా రాసినవాళ్ళు లేరని అక్కడ అనేవారు. వెర్నా ఏ పత్రికకీ ఎక్కలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. ఊళ్ళోవాళ్ళు అడిగితే, నవలంటే అలాగే ఉంటుందిలే అనేదట.

పదకొండేళ్ళ తర్వాత, గోవర్ధనం గారు కాకినాడలో ఉండగా లెనోర్ దగ్గర్నుంచి ఒక కవరు వచ్చింది. లోపల ఉత్తరం లేదు. ఆ చిన్న ఊరి పత్రికలోంచి కత్తిరించిన ముక్క ఒకటుంది, వెర్నా మరణవార్త. అక్కడ కొందరు తమ మరణవార్త తామే రాసి ఉంచుకుంటారు. వెర్నా కూడా రాసి ఉంచుకుంది. ఎక్కడ పుట్టిందీ, ఎన్నేళ్ళు బస్సు నడిపిందీ, ఎన్నేళ్ళుగా మందు ముట్టనిదీ అన్నీ ఉన్నాయి. అలాంటి వార్తల చివర, ఆ మనిషి కంటే ముందు పోయిన అయినవాళ్ళ పేర్లు వెయ్యడం అక్కడ ఆనవాయితీ. ఆ చోట ఇలా ఉంది: "భర్త హెరాల్డ్, ఏకైక కుమార్తె లెనోర్ ఈమె కంటే ముందే మరణించారు."

అంచున ఖాళీలో లెనోర్ చేతిరాత ఉంది. "తప్పు పడింది, దిద్దమంటారా అని పత్రికవాళ్ళు ఫోన్ చేశారు. వద్దు, అలాగే వెయ్యమన్నాను."

కాలవ గట్ల మీద వంద మందిని నోరెత్తకుండా చేసిన జోగారావు కళ్ళు తుడుచుకుంటున్నాడు. తర్వాత సంచీలోంచి రాతప్రతి తీసి, తొమ్మిదో అధ్యాయం విడిగా పట్టుకుని, "దీన్ని ఏం చెయ్యమంటారు గురువుగారూ? మీరొకసారి చదివి చెబితే..." అని చాచాడు.

గోవర్ధనం గారు చెయ్యి చాచలేదు.

"నాకెందుకోయ్? వినాల్సిన మనిషి ఇంట్లో ఉంది కదా."