చేప ఒంటికి జిగురెలా వచ్చింది

ఒకప్పుడు చేప ఒళ్ళు జారేది కాదు. పొలుసులు పొడిపొడిగా, అద్దం పెంకుల్లా మెరిసేవి. ఒకదానికొకటి తగిలితే ఆ మెరుపు మాసిపోతుందని చేపలన్నీ ఎడంగా ఈదేవి.

ఆ కాలంలో చైనా దేశంలో, ఎర్రమట్టి కొండల మధ్య ఒక ఊట ఉండేది. అందులో యుహువా అనే పెద్ద చేప, షిబో అనే పడుచు చేప ఉండేవి. చోటు ఇరుకే, అయినా మాటలు తక్కువ. నీడ పడే మూల యుహువాది. నీళ్ళు ఉబికే చోటు షిబోది. ఒకదాని వైపు ఒకటి వెళ్ళేది కాదు.

ఒక ఏడు వాన రాలేదు. గట్టున తుంగ వాడి వాలిపోయింది. నీళ్ళెందుకు తగ్గిపోతున్నాయని షిబో ఊటను అడిగింది. కొండ లోపల ఎండిపోయి తనను కిందికి లాగేసుకుంటోందని ఊట చెప్పింది. తనకూ భయంగానే ఉందట. ఆ తర్వాత దాని గొంతు వినపడలేదు.

నీళ్ళు పోయి బురద మిగిలింది. బురద కూడా అంచుల నుంచి పగుళ్ళు వేసుకుంటూ వచ్చింది. మిగిలిన ఒక్క గుంటలో రెండు చేపలూ పక్కపక్కనే పడ్డాయి. ఎండకు వీపులు కాలిపోతున్నాయి. షిబో మొప్పలు టపటపా కొట్టుకున్నాయి. కాసేపటికి అవి నెమ్మదించాయి.

యుహువాకు గుబులు పుట్టింది. షిబో ఊపిరి ఆగిపోతే ఈ ఎండలో తానొక్కతే మిగులుతుంది. నోట్లో ఉన్న తడినంతా కూడదీసి, నురగ చేసి, షిబో మొప్పల మీద రాసింది.

షిబో కళ్ళు కదిలాయి. "ఎందుకక్కా? ఆ కాస్త తడీ నీకే చాలదు" అంది.

"చాలదు. అందుకే, నాది అయిపోయాక నువ్వివ్వాలి."

షిబో ఇచ్చింది. తర్వాత యుహువా ఇచ్చింది. అలా వంతులేసుకుని తడుపుకున్నాయి. ఒళ్ళంతా జిగురు పట్టింది. పొలుసుల మెరుపు మాసిపోయింది. ఆ సంగతి రెండింటికీ పట్టలేదు. ఈసారి నోట్లో తడి ఊరుతుందో లేదో అన్నదే వాటి బెంగ.

అంతలో గట్టున కొంగ వాలింది. గూట్లో పిల్లలు ఆకలితో ఉన్నాయని, ఏమీ అనుకోవద్దని మెల్లగా చెప్పింది. కొంగ షిబోను నడుం దగ్గర పట్టి పైకెత్తింది.

షిబో జర్రున జారి బురదలో పడింది.

మళ్ళీ పట్టింది. మళ్ళీ జారింది. ఈసారి యుహువాను పట్టబోతే అదీ జారింది. కొంగ తన ముక్కును ఇసుకకు రాసుకుని, దిగులుగా మరో చోటు వెతుక్కుంటూ ఎగిరిపోయింది. యుహువా మళ్ళీ షిబో ఒంటికి తడి రాయడం మొదలుపెట్టింది.

ఆ సమయానికి లాన్‌ఫెన్ అనే ఆవిడ కడవతో నీళ్ళకు వచ్చింది. నీళ్ళు లేవు. ఆ రెండు చేపలు ఒకదాన్నొకటి తడుపుకోవడం చూస్తూ నిలబడిపోయింది. ఇవ్వడానికి ఆమె కడవలోనూ చుక్క లేదు. ఎండిన తుంగ నాలుగు పరకలు కోసి వాటి మీద నీడగా కప్పింది. ఇంటికెళ్ళి, కరువు మొదలైనప్పటినుంచీ మాట్లాడని తోడికోడలిని పిలిచి, తన గంజిలో సగం ఆమెకు పోసింది. ఎందుకని తోడికోడలు అడిగితే చేపల సంగతి చెప్పింది. ఆ మాట ఊరూరా పాకింది. కష్టంలో ఉన్నవాళ్ళు, తమకున్న కొంచెంలోంచే ఒకరికొకరు పెట్టుకుంటే, 'నోటి తడితో ఒకరినొకరు తడుపుకోవడం' అని అక్కడి జనం నేటికీ అంటారు.

ఆ సాయంత్రమే కొండ మీద మబ్బు కమ్మింది. వాన దంచి కొట్టింది. వరద రెండు చేపలనూ ఎత్తుకుపోయి పెద్ద ఏటిలో పడేసింది. యుహువా లోతు వైపు కొట్టుకుపోయింది. షిబో ఒడ్డు వైపు. కొన్నాళ్ళు వెతుక్కున్నాయి. కానీ ఏటి నిండా నీళ్ళే. ఒకదాని తడితో ఒకదానికి పని లేకపోయింది. మెల్లగా ఒకదాన్నొకటి మరిచిపోయాయి.

జిగురు మాత్రం పోలేదు. వాటి పిల్లలకూ, ఆ పిల్లల పిల్లలకూ వచ్చింది. అప్పటినుంచే చేప ఒళ్ళు జారుతుంది. ఎంత పెద్ద ఏటిలో ఈదినా అది వదిలిపోదు.