తోకలో మూడు దెబ్బలు

సామర్లకోటలో పెంకే వీర్రాజు అనే బస్సు బాడీల మేస్త్రీ ఉండేవాడు. చేతిలో పనితనం ఉంది గానీ, ఎవరేం చెప్పినా తనకి నచ్చిన ముక్కే చెవికెక్కేది. డాక్టరు "పంచదార లేకుండా కాఫీ తాగు" అంటే, ఇంటికొచ్చి "డాక్టరుగారు కాఫీ తాగమన్నారే" అని చెప్పే రకం.

అలాంటి మనిషికి విమానం కట్టాలని బుద్ధి పుట్టింది. బొమ్మ విమానం కాదర్రా, ఇద్దరు కూర్చుని ఎగిరేది. నడపడం ముందే నేర్చుకున్నాడు. నమూనా కాగితాలు తెప్పించాడు, అల్యూమినియం రేకులు తెచ్చాడు, మూతపడ్డ బియ్యం మిల్లు షెడ్డులో పని మొదలెట్టాడు. వెనక సీటులో మొట్టమొదట కూర్చోబోయేది తన భార్య మంగతాయారేనని ఊరంతా చాటాడు.

రేకుని రేకుకి కలిపి పట్టేది రివెట్టు. చిటికెన వేలి గోరంత ఉంటుంది. బయటి నుంచి ఒకరు రివెట్లు కొట్టే గన్నుతో కొడుతుంటే, లోపల ఇంకొకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. అప్పుడు లోపలి కొస అణిగి గుండీలా పరుచుకుంటుంది. బయటి తల ఎప్పుడు చూసినా గుండ్రంగా, ముద్దుగానే ఉంటుంది. అసలు బలమంతా లోపలి కొసలోనే. అది వంకరపోయిందా, రివెట్టు ఉన్నా లేనట్టే.

గన్ను వీర్రాజుది. మనిషి సన్నం కాబట్టి తోకలో దూరి దిమ్మ పట్టే పని మంగతాయారుది. గన్ను చప్పుడులో మాట వినపడదు, పైగా ఇద్దరి చెవుల్లోనూ దూది. అందుకని దిమ్మతో రేకు మీద కొట్టి చెప్పుకోవాలని ఒప్పందం. ఒక దెబ్బయితే ఇంకాస్త అణచాలి. రెండయితే బాగుంది. మూడు కొడితే వంకరపోయినట్టు, తీసేసి మళ్లీ వెయ్యాలి.

మొదటి నెల బాగానే సాగింది. తర్వాత వీర్రాజుకి తొందర పట్టుకుంది. దసరాకి ఎగురుతానని ఊళ్లో కోతలు కోసేశాడు మరి. లోపల్నించి టక్ టక్ టక్ అంటే, రెండు వినగానే పక్క రివెట్టుకి పోయేవాడు.

"ఏమండీ, నేను మూడు కొట్టాను" అంది మంగతాయారు ఓసారి తల బయటపెట్టి.

"రెండే కొట్టావే. మూడోది రేకు మోత" అన్నాడు వీర్రాజు.

"మోగించింది నేనండీ."

"ఇరవై ఏళ్లు బస్సులు కట్టాను. ఒక్కటైనా ఊడిందా?"

"బస్సు ఊడితే రోడ్డు పక్కన ఆపి దిగుతారు. దీన్ని ఎక్కడ ఆపుతారు?"

వీర్రాజు దూది ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడు.

దసరాకి వారం ముందు జోగారావుగారు వచ్చారు. వైమానిక దళం వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన సరే అంటేనే ఎగురుతానని వీర్రాజు మాటిచ్చాడు. ఆయన విమానం చుట్టూ తిరిగి, రివెట్ల తలల మీద వేలు రాసి, "బయట బ్రహ్మాండంగా ఉందయ్యా" అన్నారు. వీర్రాజు మీసం దువ్వుకున్నాడు. ఆయన మంగతాయారు వైపు తిరిగి, "లోపల ఎలా ఉందమ్మా?" అని అడిగారు.

"నేను చెబితే వినరండి. ఆయన్నే ఓసారి దూరి చూడమనండి" అంది.

"అలాగే కానీ. నేను ఇంజను తిప్పుతాను, రేకులు ఎలా అదురుతున్నాయో చూసి చెప్పవయ్యా" అన్నారు జోగారావుగారు.

"దానికేం భాగ్యం" అంటూ వీర్రాజు టార్చి పట్టుకుని తోకలోకి దూరాడు. పొట్ట రెండు చోట్ల అడ్డుపడింది. ఎలాగో దూరాడు గానీ వెనక్కి మళ్లే వీలు లేదు. జోగారావుగారు విమానాన్ని స్తంభానికి కట్టించి ఇంజను నడిపించారు.

వీర్రాజు టార్చి వేసి చూశాడు. వరసలో సగం కొసలు పెళ్లి పందిట్లో నిద్రపోతున్న చుట్టాల్లా పక్కకి వాలిపోయి ఉన్నాయి. రేకులు గడగడలాడుతున్నాయి. ఒక రివెట్టు ఊడి బట్టతల మీద పడింది. దాని వెనకే ఇంకొకటి. "ఆపండి బాబోయ్" అని అరిచాడు. ఎవరికి వినపడుతుంది? పిడికిలితో రేకు మీద మూడు దెబ్బలు కొట్టాడు.

"మూడు కొడుతున్నాడేమిటమ్మా?" అని కేకేశారు జోగారావుగారు.

"ఆయన లెక్కలో అవి రెండేనండి. బాగుందంటున్నారు. ఇంకాస్త పెంచండి" అంది మంగతాయారు తొణక్కుండా.

ఆయన పెంచారు. మూడు దెబ్బలు కాస్తా ముప్పై అయ్యాయి. అప్పుడు ఇంజను ఆపి, కాళ్లు పట్టి బయటికి లాగారు. వీర్రాజు నేల మీదే చతికిలబడ్డాడు.

"మంగా, దీంట్లోనా నిన్ను ఎక్కిద్దామనుకున్నాను?" అన్నాడు.

"ఒక్క నేనేనా? ముందు సీటులో మీరుంటారుగా. అందుకేనండీ అన్నిసార్లు కొట్టాను" అంది. అప్పటిదాకా నవ్వు ఆపుకున్న మనిషికి ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

దసరా వెళ్లిపోయింది. "విమానానికి రెక్కలు ఇంకా మొలవలేదా?" అని ఊళ్లో వాళ్లు ఏడిపించారు. వీర్రాజు ఆ మాటలన్నీ పడ్డాడు. వంకరపోయిన రివెట్లన్నీ డ్రిల్లు పెట్టి తీసి, కొత్తవి వేశాడు. లోపల చప్పుడైతే చాలు, గన్ను ఆపి "ఎన్ని?" అని అడిగేవాడు. మాఘమాసంలో ఓ ఉదయం, జోగారావుగారు మళ్లీ చూసి సరేనన్నాక, విమానం లేచింది. వెనక సీటులో మంగతాయారు కళ్లు బాగా తెరుచుకుని కింద పొలాలన్నీ చూసింది.

పైకి కనిపించే సొగసు చూసి మురిసిపోకూడదు. లోపలి తప్పు చూసి చెప్పేవాళ్ల మాట చేదుగా ఉన్నా చెవిన పెట్టాలి.