పురిటి పట్టీ

నళినికి ఎనిమిదో నెల. కాన్పయ్యేలోపే పరిశోధన గ్రంథం అప్పజెప్పాలని ఆమె పంతం. మధ్యయుగపు ఇంగ్లీషు సాహిత్యం మీద రాసిన అన్ని అధ్యాయాలకూ తలూపిన ఆమె గైడు సుగుణమణి మేడమ్ ఒక్కదానికి మాత్రం సంతకం పెట్టనంటే పెట్టనని కూర్చున్నారు.

అది ఆరువందల ఏళ్ల కిందట పొడుగాటి తోలు పట్టీ మీద రాసిన ఒక ప్రార్థన గీతం గురించి. నళిని దాన్ని చీల్చి చెండాడింది. ఒకే పాదం పదేపదే వస్తుంది, రాసినవాడికి శ్రద్ధ లేదు, నడిమి పాదాలు చెమ్మకు చెరిగిపోయాయి, ఇది అసలు కవిత్వమే కాదని తేల్చేసింది.

ఒక మధ్యాహ్నం మేడమ్ గదికి వెళ్లి, ఆ అధ్యాయం బల్ల మీద పెట్టి, ఇందులో తప్పేముందని అడిగింది.

బయట ముసురు పట్టింది. కరెంటు పోయి గది మసకబారింది. మేడమ్ బీరువాలోంచి ఆ పట్టీ కొలతకే అచ్చువేసిన కాగితం నకలు తీసి, "లే అమ్మా" అన్నారు. లేచి నిలబడ్డ నళిని నడుముకి దాన్ని చుట్టారు.

చెరిగిన పాదాలు సరిగ్గా కడుపు మీదికొచ్చాయి.

నళిని నవ్వబోయింది, నవ్వు రాలేదు. జారకుండా పట్టుకోబోతే రెండు చేతులూ నకలులో అచ్చుపడ్డ ఆ చెరుపు మరకల మీదే పడ్డాయి. వేళ్ల చోట వేళ్లు, అరచేతుల చోట అరచేతులు అమరిపోయాయి. వట్టి కాగితమని తెలుసు. అయినా ఎవరో అప్పుడే చెయ్యి తీసినట్టు వెచ్చగా తగిలింది.

"ఎవరి చేతులు మేడమ్ ఇవి?"

"నొప్పులు పడ్డవాళ్లవి. ఒకరి పురుడయ్యాక విప్పి ఇంకొకరికి కట్టేవాళ్లు."

"అందరూ బతికారా?"

నళిని అక్క పురిట్లోనే పోయింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. నెలలు నిండేకొద్దీ నళినికి లోలోపల చచ్చేంత భయంగా ఉంది.

మేడమ్ పట్టీ అంచు సరిచేశారు. "పైకి చదువు" అన్నారు.

నళిని తలవంచి, ఆనాటి ఇంగ్లీషులోనే చదివింది. తలుపులన్నీ తీసి ఉంచాం, రా. తలుపులన్నీ తీసి ఉంచాం, రా. చదువుతుంటే వెనక ఇంకెవరో గొంతు కలుపుతున్నట్టుంది. కడుపులో బిడ్డ కదిలింది. ఆ పాదం అయిపోతుంటే ఇంకొన్నిసార్లు రాసి ఉంటే బాగుండుననిపించింది.

మేడమ్ లేచి వెళ్లి గది తలుపులు బార్లా తీశారు. బయట నడవాలో ఎవరూ లేరు.

"సంతకం పెట్టమంటావా?" అని అక్కడి నుంచే అడిగారు.

నళిని బల్ల మీదున్న అధ్యాయం వైపు చూడలేదు. పట్టీని ఇంకాస్త బిగించుకుంది.