పూరేడమ్మ నోట్లో నువ్వుల ఉండ

అనగనగా ఒక అడవి. ఆ అడవికంతటికీ ఒకే ఒక్క పచ్చిక బయలు. మేకకు మేత అక్కడే, కుందేలుకు ఆట అక్కడే, పూరేడు పిట్ట గూడూ అక్కడే.

ఒకనాడు జంబుకయ్య అనే నక్క వర్తకుడు సింహరాజు కొలువుకు వచ్చాడు.

"ప్రభూ! పచ్చిక మీద సూపర్ బజారు కడతాను. ఉప్పు మొదలు ఉయ్యాల దాకా అన్నీ ఒకే కప్పు కింద!"

"మన ఆచారం తెలుసుగా? తీసుకునే ప్రతి ముక్కకూ దండోరా వేయించు. డప్పు ఆగేలోగా ఒక్కరు వద్దన్నా ఆ ముక్క ముట్టుకోకూడదు" అన్నాడు రాజు.

ఆ అడవికి ఇంకో ఆచారం ఉంది. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదు. మహా మర్యాదస్తులు మరి! జంబుకయ్యకు అదే కావాలి.

మొదటి దండోరా వాగు గట్టున. ఎలుగుబంటి డప్పు ఎత్తేలోపే జంబుకయ్య అందరికీ నువ్వుల ఉండలు పంచాడు. మేక నమిలింది. కుందేలు నమిలింది. 'నా గూడు ఇక్కడ లేదుగా' అనుకుని పూరేడమ్మా నమిలింది. గట్టు పోయింది.

రెండో దండోరా ఏటవాలు మీద. ఈసారి ఉండలు ఇంకా పెద్దవి. డప్పు ఆగాక కానీ ముద్ద దిగలేదు.

"వదినా, నీ గూటి దాకా వస్తున్నారే!" అంది కుందేలు, మూతి తుడుచుకుంటూ.

"ఇంకా దూరమేలే మరిదీ. నువ్వు మాత్రం నోరు విప్పావా ఏంటి?"

మూడో దండోరా సరిగ్గా గూటి ముందే. గుడ్లు పొదుగుతున్న పూరేడమ్మ ఉండను కాలితో తన్నేసింది.

"వద్దు!" అని గొంతు చిరిగేలా అరిచింది.

డప్పు ఆగింది. దండోరా చూడవచ్చిన రాజు తలూపాడు. జంబుకయ్య చిన్నబుచ్చుకోలేదు.

"అలాగేనమ్మా, నీ గూడు నీకే" అని నవ్వి, అప్పటికే చేజిక్కిన మిగతా నేలంతా కట్టేశాడు.

గూటికి రెండు పక్కలా గోడలు లేచాయి. ఎండ పోయింది. గడ్డి మాడింది. మిడతలు ఎగిరిపోయాయి. మేక ఎముకల పోగైంది. కుందేలు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. గూట్లో ఒక్క గుడ్డే పిల్లయింది.

ఆ పిల్ల ఒకరోజు అడిగింది. "అమ్మా, పచ్చిక అంటే ఎలా ఉంటుందే?"

పూరేడమ్మ బజారు గుమ్మం వైపు ముక్కుతో చూపింది.

"అదిగో, కట్టలు కట్టి అమ్ముతున్నారు చూడు. అదే తల్లీ."

పక్కవాడి నేల పోతున్నప్పుడు 'వద్దు' అనని నోరు, తన గూటి ముందు ఎంత అరిచినా పోయిన పచ్చికను వెనక్కి తెచ్చుకోలేదు.