ముఖానికి తువ్వాలు

రేపల్లెలో మోటార్లకు వైండింగు చేసే కోటిలింగానికి తాగుడు మానాలని ఉంది. ఉత్తుత్తి మాట కాదు, నిజంగానే ఉంది. ఇంకొక్కసారి తాగొస్తే పిల్లను తీసుకుని పుట్టింటికి పోతానని భార్య వరలక్ష్మి తెగేసి చెప్పింది. ఆమె బెదిరించి ఊరుకునే మనిషి కాదు.

ఆ ఊళ్లో తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు మంగళవారం సాయంత్రాలు చర్చి వెనక గదిలో కూర్చుంటారు. ఒకరి గోడు ఒకరు వింటారు, టీ తాగుతారు, ఇళ్లకు పోతారు. వాళ్లకు పెద్ద దిక్కు సంసోను మాస్టారు. ఒకప్పుడు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, ఊళ్లో పేరుమోసిన తాగుబోతు. మానేసి చాలా ఏళ్లయింది. కోటిలింగానికి ఇప్పుడు గురువు ఆయనే, చిన్నప్పుడు ఎండలో కప్పగంతులు వేయించిన గురువూ ఆయనే.

చిక్కల్లా ఒక్కటే. చర్చి మెయిన్ రోడ్డు మీద ఉంది. కోటిలింగం ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి గేటు దాకా వస్తాడు. ఎవరైనా సైకిల్ మీద వస్తూ కనబడ్డారా, చర్చి గోడను జానలతో కొలుస్తున్నట్టు నటించి వెనక్కి పోతాడు. మంగళవారాలన్నీ గోడ కొలవడంతోనే సరిపోయాయి. ఈ మహానుభావుడు వైన్ షాపు ముందు వెల్లకిలా పడుకున్న రోజుల్లో తువ్వాలు కట్టుకోగా చూసినవాడు లేడు.

చివరికి మాస్టారి ఇంటికే పోయి మొర పెట్టుకున్నాడు.

"నాకు మీటింగు కావాలి మాస్టారూ. కానీ అక్కడ కాదు. నలుగురూ చూస్తే నేను తాగుతానని తెలిసిపోదూ? పరువుగా బతుకుతున్నవాణ్ని."

మాస్టారు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఒక గింజ నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు.

"నిజమేరా లింగం. అయితే నువ్వే ఒక చోటు చూడు. నువ్వు తాగుతావని తెలియనివాళ్ల చోటు. వచ్చే మంగళవారం అందరం అక్కడికే వస్తాం."

ఓస్, ఇంతేనా అనుకున్నాడు కోటిలింగం.

ముందుగా కల్యాణ మండపానికి పోయాడు. మేనేజరు శేషగిరి యాలక్కాయ నములుతూ ఎగాదిగా చూశాడు.

"గదా? నీకా? మొన్న పెళ్లిలో పెళ్లికొడుకు కుర్చీలో కూర్చుని దిగనంటే దిగనన్నావు. ముహూర్తం దాటిపోబోయింది."

"ఆ రోజు ఒంట్లో బాగాలేదండీ."

"అక్షింతలు కూడా వేయించుకున్నావు లింగం."

గ్రంథాలయానికి పోతే, అతను నోరు తెరవకముందే అక్కడి ఆవిడ, "పడుకోవడానికి బల్లలు ఖాళీ లేవు" అంది. పక్క ఊళ్లోనైనా చూద్దామని బస్సెక్కాడు. కండక్టరు ఆప్యాయంగా భుజం పట్టుకుని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. "తల బయటికి పెట్టుకో అన్నా. కిందటిసారి నా సంచీ ఉతుక్కోవాల్సొచ్చింది." బస్సు ఊరు దాటకముందే కోటిలింగం దిగిపోయాడు.

మంగళవారం రానే వచ్చింది. ఇక మిగిలింది సొంత ఇల్లు. వరలక్ష్మికి అన్నీ తెలుసు, నిజమే. కానీ సాయంత్రాలు ఆమె కుట్టుపని నేర్పడానికి పోతుంది. ఇంట్లో ఉండేది రెండో తరగతి చదివే ప్రసూన ఒక్కతే. దానికి మాత్రం ఏమీ తెలియదు. నాన్నకు గ్యాస్ ట్రబులని ఎప్పుడో చెప్పి పెట్టాడు. కోటిలింగం ధైర్యంగా ఇంటికి నడిచాడు, చుక్క ముట్టకుండా.

చెప్పుల చప్పుడు వినగానే పిల్ల పలక పక్కన పెట్టి లేచింది. గుమ్మంలో ఉన్న స్టూలు గోడవారకు జరిపింది. బల్ల మీది గాజు గ్లాసులు తీసి మంచం కిందికి తోసింది. బకెట్టు తెచ్చి మంచం పక్కన పెట్టింది. మళ్లీ పోయి ఎక్కాలు రాసుకుంటూ కూర్చుంది.

"ఇవన్నీ ఎందుకమ్మా?"

పిల్ల తల ఎత్తలేదు. "నువ్వొచ్చావు కదా నాన్నా."

ఊరంతా ఎత్తిపొడిచినప్పుడు రాని సిగ్గు అప్పుడు ముంచుకొచ్చింది. కోటిలింగం బకెట్టు తీసుకుపోయి పెరట్లో పెట్టాడు. గ్లాసులు ఒక్కొక్కటే బల్ల మీదికి చేర్చాడు. వచ్చి పిల్ల పక్కన చతికిలపడ్డాడు.

వరలక్ష్మి రాగానే లేచాడు.

"ఎక్కడికి?" అంది.

"మీటింగుకి."

ఆమె కొక్కేనికి వేలాడే తువ్వాలు వైపు చూసింది. "తువ్వాలు వద్దా?"

"అక్కడే ఉండనీ" అన్నాడు.

చర్చి గదిలో మాస్టారు కెటిల్లోంచి టీ పోస్తున్నారు.

"చోటు దొరికిందా?"

"లేదు మాస్టారూ."

ఆయన వేడి టీ గ్లాసు ఒకటి చేతిలో పెట్టారు. కోటిలింగం పెదవి దగ్గర పెట్టుకోబోయాడు.

"అది నీకు కాదురా. గేటు దగ్గర ఎవరో గోడ కొలుస్తున్నారు. ఇచ్చిరా."

కోటిలింగం బయటికి వచ్చాడు. గోడవార ఒక భారీ మనిషి, ముఖానికి పట్టు ఉత్తరీయం, దాని మీద నల్లకళ్లద్దాలు. దగ్గరికి పోగానే యాలక్కాయ వాసన గుప్పుమంది.

"ఊరికే, గోడ చూద్దామని" అన్నాడు కల్యాణ మండపం శేషగిరి.

కోటిలింగానికి నవ్వు రాలేదు. "మంచి గోడేనండీ. నేనూ చాన్నాళ్లు కొలిచాను. టీ చల్లారిపోతోంది, రండి."